మీటరాయన పెయ్యల క్షవరం

ముప్పై ఏళ్ళపాటు ఊళ్ళో ప్రతి ఇంటి గోడ మీదా కరెంటు మీటరు చదివి రిటైరైన మనిషికి సొంత భార్య మొహం చదవడం రాదంటే నమ్మడం కష్టం. మీటరాయన విషయంలో మాత్రం అది అక్షరాలా నిజం. అంకెలుంటే మసక వెలుతురులో కూడా తప్పు లేకుండా చదివేస్తాడు. అంకెలు లేనిచోట ఆయన చూపు ఆగిపోతుంది. మనుషుల మొహాల మీద అంకెలుండవు కాబట్టి, ఇంట్లో ఏం జరుగుతోందో ఆయనకి అందరికన్నా ఒకరోజు ఆలస్యంగా తెలుస్తుంది.

ఇంటి వెనక పశువుల పాక. అందులో నాలుగు పాడి ఆవులు, రెండు పెయ్యలు. ఆ పాకకి సర్వాధికారి ఆయన భార్య. ఆయన రిటైరైన మర్నాడు పొద్దున్నే ఆవిడ ఒక బ్రష్షూ బకెట్టూ చేతికిచ్చి, "ఇవాళ్టినించీ పెయ్యల్ని కడగడం, తోమడం మీ పని" అంది. ఈ ఉద్యోగంలో జీతం లేదు, సెలవు లేదు, ముఖ్యంగా రిటైర్మెంటు లేదు.

పెయ్యలు రెండూ కవలలు. పది నిమిషాల తేడాతో పుట్టాయి కాబట్టి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండూ ఒకే గోధుమ రంగు, ఒకే ఎత్తు, రెండింటికీ కొమ్ములు లేవు. గుర్తు కోసం చెవులకి బిళ్ళలు వేయిస్తే వారం తిరక్కుండా రెండూ ఒకదాని బిళ్ళ ఇంకొకటి నమిలి ఊసేశాయి. తేడా అంతా బొచ్చులోనే. పెద్దదానికి నున్నటి పొట్టి బొచ్చు. చిన్నదానికి ఒళ్ళంతా బెత్తెడు పొడుగున ఉంగరాలు తిరిగి, డొక్కల దగ్గర జడలు కట్టిన బొచ్చు.

గుణాల్లో కూడా అంతే తేడా. పెద్దదాన్ని తోముతుంటే కళ్ళు మూసుకుని నిలబడేది. చిన్నదానికి బ్రష్షు తగిలిందంటే తన్నే. మీటరాయన అలవాటు కొద్దీ ఆ తన్నులకి కూడా రీడింగు తీశాడు. సగటున నిమిషానికి రెండు. ఎడమ మోకాలు మీద ఎక్కువ, కుడి మోకాలు మీద తక్కువ. పెద్దదాన్ని మాత్రం ఆయన ప్రాణంలా చూసుకునేవాడు. ఆఫీసులో ముప్పై ఏళ్ళలో ఎవరూ తన చేయి తగలగానే అంత హాయిగా నిలబడలేదని ఒకసారి భార్యతో అన్నాడు కూడా. ఆవిడ నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో ఆయనకి తెలీలేదు.

ఒక గురువారం పొద్దున ఆవిడ కాఫీ ఇస్తూ అంది.

"ఏవండీ, ఆదివారం అన్నయ్య వ్యాను తీసుకుని వస్తున్నాడు. బేకరీకి పాలు కొనలేక చస్తున్నాడు. ఎలాగూ ఏడాదిలో ఈని పాలిస్తుంది కదా, ఒక పెయ్యని ఇస్తానని మాటిచ్చాను."

మీటరాయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. ఏ పెయ్యని అని అడగాలనుకున్నాడు. కానీ అడిగితే జవాబు వస్తుంది. జవాబు వచ్చాక దానికి కట్టుబడాలి. అందుకని అడగలేదు.

"మా వదినకి పశువులు కొత్త. పాపం, ఎలా నెగ్గుకొస్తుందో" అంది ఆవిడ.

ఆ ఒక్క మాటతో ఆయన లెక్క తేలిపోయింది. వదినకి పశువులు కొత్త. కొత్తవాళ్ళకి సాధువుని ఇస్తారు. సాధువు పెద్దది. కాబట్టి పెద్దది పోతుంది. తనకి మిగిలేది చిన్నది, నిమిషానికి రెండు తన్నులు, జీవితాంతం. ఆయనకి మోకాళ్ళు రెండూ ఒకేసారి సలిపాయి.

"వెళ్ళేముందు శుభ్రంగా తయారుచేయాలి. బొచ్చు కత్తిరించాలి. కత్తెరతో అయితే నాకు రెండు రోజులు పడుతుంది" అంది ఆవిడ.

సరిగ్గా అక్కడ ఆయన బుర్రలో బల్బు వెలిగింది. రెండింటికీ బొచ్చు తీసేస్తే? రెండూ ఒక్కలాగే ఉంటాయి! గేటు పక్క గుంజకి ఎప్పుడూ పెద్దదాన్ని కడతారు, లోపలి గుంజకి చిన్నదాన్ని. తారుమారు చేసి కడితే సరి. బావగారు గేటు పక్కదాన్ని పెద్దదనుకుని తీసుకుపోతాడు. తన్నులు బేకరీకి, సుఖం ఇంటికి.

"కత్తెరెందుకు? మిషను కొనుక్కొస్తాను. అంతా నేను చూసుకుంటాను" అన్నాడు.

ఆవిడ ఆయన వంక వింతగా చూసింది. పెళ్ళయ్యాక ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

"బ్యాటరీది తీసుకోండి" అని మాత్రం అంది.

*

పశువుల సామాన్ల షాపాయన సన్నటి మనిషి. కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని ప్రతి మాటకీ ఒక ప్రశ్న వేస్తాడు.

"క్లిప్పరు ఏ జంతువుకండీ?"

"పెయ్యలకి."

"అయితే ఇది వద్దు" అని చేతిలో ఉన్నదాన్ని లోపల పెట్టేశాడు. "ఇది గొర్రెల ఉన్నికి. దువ్వెన మరీ వెడల్పు. పెయ్యకి పెడితే చర్మం మడతల్లో ఇరుక్కుంటుంది. వైరుదా, బ్యాటరీదా?"

"వైరుది."

"ఇంటి వాడకానికి బ్యాటరీదే మేలండీ. చప్పుడు తక్కువ, పశువు బెదరదు. వైరు కాళ్ళకి చుట్టుకోదు."

"నేను కరెంటు డిపార్టుమెంటండీ. వైరు లేకుండా వచ్చే కరెంటుని నమ్మను."

షాపాయన వాదించలేదు. "బ్లేడు ఎలాంటిది? ముతకది కాస్త బొచ్చు ఉంచుతుంది. సన్నది తోలు దాకా తీసేస్తుంది. మధ్యరకం మధ్యలో ఉంటుంది."

"రెండూ ఒక్కలా కనపడాలి" అనేశాడు మీటరాయన.

"ఏమిటీ?"

"అంటే, రెండూ శుభ్రంగా కనపడాలని."

"బొచ్చు ఎంత పొడుగుంది?"

"ఒకదానికి బెత్తెడు. ఇంకోదానికి ఏమీ లేదు."

"ఏమీ లేనిదానికి క్లిప్పరెందుకండీ?"

మీటరాయన నీళ్ళు నమిలాడు. "దాని చెల్లెలికి తోడుగా" అన్నాడు చివరికి.

షాపాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే. పైన ఎన్ని పళ్ళు కావాలి?"

"పెయ్యకి పైన ముందు పళ్ళుండవండీ" అన్నాడు మీటరాయన. తనకి తెలిసిన విషయం ఇంతసేపటికి ఒకటి వచ్చిందని ఆయనకి కాస్త ధైర్యం వచ్చింది.

"బ్లేడుకండీ" అన్నాడు షాపాయన నీరసంగా.

చివరికి సన్నబ్లేడుతో, వైరుతో, ఇనపముక్కంత బరువున్న యంత్రం ఒకటి కొన్నాడు. షాపాయన వేళ్ళు మడిచి మరీ చెప్పాడు. ముందు కడగాలి, పూర్తిగా ఆరనివ్వాలి. యంత్రాన్ని మొదట దూరంగా ఆడించి చప్పుడు అలవాటు చేయాలి. బొచ్చు వాలుకి ఎదురు నడపాలి. అయిదు నిమిషాలకోసారి నూనె వేయాలి. బ్లేడు వేడెక్కిందేమో చేతి వెనక్కి తగిలించి చూడాలి, వేడెక్కితే ఆపాలి. మీటరాయన అన్నిటికీ తలాడించాడు. తలాడించడానికీ వినడానికీ సంబంధం ఉందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

ఇంటికి రాగానే ఆవిడ యంత్రాన్ని రెండు చేతులతో ఎత్తి చూసింది.

"గోడకి కన్నాలు వేసేది తెచ్చారేమిటి?"

"క్లిప్పరు."

"దీనికి వైరెందుకు?"

"కరెంటు రావడానికి."

"పాకలో ప్లగ్గెక్కడుంది?"

మీటరాయన పాక వైపు తొంగి చూశాడు. ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ ఎక్కడెక్కడ ప్లగ్గులున్నాయో చెప్పగలడు. సొంత పాకలో లేదన్న సంగతి ఇప్పుడే తెలిసింది.

"వెనక వరండాలో ఉంది కదా" అన్నాడు.

"మరి పెయ్యల్ని వరండాలో కూర్చోబెట్టి చేస్తారా, ముందు పేపరు చేతికిచ్చి?"

అదృష్టం కొద్దీ వరండా పక్కనే కర్రల బోను ఉంది. డాక్టరమ్మ వచ్చినప్పుడు పశువుని అందులో నిలబెట్టి సూదులు వేస్తుంది. అందులో నిలబెడితే పశువు తన్నడానికి చోటుండదు. ఈ సంగతి గుర్తుకురాగానే మీటరాయనకి బోను మీద ఎక్కడలేని గౌరవం కలిగింది.

*

శనివారం పొద్దున ఆవిడ పాడివాళ్ళ సంఘం మీటింగుకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"చిన్నదాన్ని కడిగి బాగా ఆరనివ్వండి. తడి బొచ్చు మీద పెట్టకండి. పెద్దదాని జోలికి పోకండి, దానికి బొచ్చే లేదు."

"నాకు తెలీదూ!" అన్నాడాయన.

చిన్నదాని మీద ఎంత శ్రద్ధో చూశావా అనుకున్నాడు లోలోపల. ఎలాగూ ఇంట్లో ఉండిపోయేది అదే కదా మరి! భార్య ఆలోచన ఇంత సులువుగా తనకి దొరికిపోయినందుకు ఒక నిమిషం మురిసిపోయాడు.

ముందు చిన్నదాన్ని కడిగాడు. మామూలు రీడింగు ప్రకారం తన్నులు తిన్నాడు. బోనులోకి తోలి, ఆరీ ఆరకముందే యంత్రం స్విచ్చి వేశాడు. దూరంగా ఆడించి చప్పుడు అలవాటు చేయమన్న సంగతి గుర్తురాలేదు. అది బుర్రుమని ఒక్క గెంతు గెంతేసరికి పెయ్యకన్నా ముందు మీటరాయనే బెదిరి గోడకి అతుక్కుపోయాడు.

తర్వాత ధైర్యం చేసి వీపు మీద పెట్టాడు. బొచ్చు దుప్పటిలా లేచి రావడం మొదలుపెట్టింది. డొక్కల దగ్గర జడలు కట్టిన ముద్దలు ఒక్కొక్కటే ఊడి కింద పడుతుంటే, వాటి కింద తోలు కందిపోయి కనపడింది. ఆ ముద్దలు ఎన్నాళ్ళనించి దాని తోలుని లాగి పట్టుకున్నాయో! మీటరాయనకి అయ్యో పాపం అనిపించింది. కానీ ఆ జాలిని పక్కన పెట్టి పని కానిచ్చాడు, వంకరటింకరగా, గట్లు గట్లుగా.

తర్వాత పెద్దది. దానికి తీయడానికి ఏమీ లేదు. అయినా ఒక్కలా కనపడాలి కదా, అందుకని సన్నబ్లేడు తోలుకి ఆనించి నడిపాడు. అప్పటికి గంట సేపుగా యంత్రం ఆగకుండా తిరుగుతోంది. నూనె సీసా మూత కూడా తీయలేదు. బ్లేడు పెనంలా కాగుతోంది. పెద్దది ఒక్క అరుపు అరిచి మెడ తిప్పి ఆయన వంక చూసింది.

"ఓర్చుకోవే, నీకోసమే ఇదంతా" అన్నాడు ప్రేమగా. దాని వీపు మీద కూడా ఎర్రటి గీతలు తేలాయి.

రెండింటినీ బయట నీళ్ళ తొట్టి పక్కన కట్టి, హమ్మయ్య అని నడుం వాల్చబోయేసరికి వరండాలోంచి ఒక వింత చప్పుడు వచ్చింది. స్టూలు మీద పెట్టిన యంత్రాన్ని ఆయన ఆపలేదు. అది అదురుతూ అదురుతూ కిందికి దూకి, దండెం మీద వేలాడుతున్న ఆవిడ కొత్త దుప్పటి అంచు పట్టుకుని పైకి పాకుతోంది. మీటరాయన పరుగెత్తి దుప్పటి లాగాడు. యంత్రం కూడా లాగింది. కాసేపు ఇద్దరిలో ఎవరు గెలుస్తారో తెలీలేదు. చివరికి స్విచ్చి గుర్తొచ్చి ఆపేసరికి దుప్పటికి ఒక పక్క కుచ్చులు తయారయ్యాయి.

తిరిగి వచ్చి చూస్తే రెండు పలుపులూ ఊడి కింద పడి ఉన్నాయి. రెండు పెయ్యలూ తొట్టిలో తలలు పెట్టి, తోకలు ఇటు తిప్పి నీళ్ళు తాగుతున్నాయి.

ఏది ఏది?

మీటరాయన కుడివైపుదాన్ని చూశాడు. ఎడమవైపుదాన్ని చూశాడు. మళ్ళీ కుడివైపుదాన్ని చూశాడు. రెండింటికీ అవే గట్లు, అవే గీతలు, అదే ఎలక రంగు. రెండూ ఒక్కలా కనపడాలన్న ఆయన కోరిక నూటికి నూరుపాళ్ళూ తీరింది.

"పెద్దదానా!" అని పిలిచాడు. రెండూ తలెత్తాయి.

"చిన్నదానా!" అన్నాడు. రెండూ తలలు దించాయి.

టేపు తెచ్చి పొడుగు కొలిచాడు, ఎత్తు కొలిచాడు, తోకలు కూడా కొలిచాడు. వేలెడు తేడా కూడా లేదు. తోక కొలిచేటప్పుడు ఒకటి విసుక్కుంది కానీ, తోక కొలిస్తే ఎవరైనా విసుక్కుంటారని ఆ రీడింగు కొట్టేశాడు. గడ్డి పెడితే రెండూ తిన్నాయి. తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు తట్టింది. పైన బొచ్చు పోవచ్చు గాని గుణం ఎక్కడికి పోతుంది? బ్రష్షు తీసుకుని ఒకదాని వెనక నిలబడి మెల్లిగా తోమాడు. అది కళ్ళు అరమూసి నిలబడింది. రెండోదాని దగ్గరికి వెళ్ళి బ్రష్షు ఆనించాడో లేదో, ధన్‌మని తన్నింది. మీటరాయన వెళ్ళి కత్తిరించిన బొచ్చు కుప్పలో కూర్చున్నాడు.

"దొరికింది!" అని కేక వేశాడు. పశువు తన్నినందుకు అంత సంతోషించిన మనిషి ఇంకొకడు ఉండడు. ఒక్క రీడింగుని నమ్మకూడదు కాబట్టి ఇంకో రెండు తన్నులు తిని సరాసరి తీశాడు. సందేహం లేదు. తన్నేది చిన్నది, తన్ననిది పెద్దది.

తన్నేదాన్ని గేటు పక్క గుంజకి కట్టాడు. తన్ననిదాన్ని లోపలి గుంజకి కట్టాడు. కుంటుకుంటూ వెళ్ళి కుర్చీలో కూలబడి, పథకం పారినందుకు తనని తాను మెచ్చుకున్నాడు.

మధ్యాహ్నం ఆవిడ వచ్చి పాకలోకి వెళ్ళింది. రెండింటి మెడలూ నిమిరి బయటికి వచ్చింది.

"పెద్దదానికెందుకు తీశారు?"

"ఎండలు ముదురుతున్నాయి కదా. చల్లగా ఉంటుందని."

"దాని వీపు కాలింది."

"నూనె తక్కువైంది" అన్నాడు గొంతు తగ్గించి.

"దుప్పటికీ నూనె తక్కువైందా?"

ఆవిడ మందు డబ్బా తీసుకుని మళ్ళీ పాకలోకి వెళ్ళింది. ఆవిడ మొహంలో ఏదో ఉంది. కోపమో, నవ్వో, జాలో, ఏమీ చదవలేకపోయాడు.

*

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి వ్యాను వచ్చింది. దాని వెనకే రొట్టె వాసన వచ్చింది. ఆవిడ అన్నగారు బేకరీ నడుపుతాడు. భారీ మనిషి. ఎప్పుడు చూసినా కనుబొమల్లో పిండి ఉంటుంది కాబట్టి ఎవరికీ ఆయన అసలు వయసు తెలీదు.

"ఏం బావగారూ, మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అన్నాడు దిగుతూనే.

"బ్రహ్మాండంగా ఉన్నాయి" అని మీటరాయన కుంటుతూ ఎదురెళ్ళాడు. గేటు పక్క గుంజ దగ్గరికి, అంటే దాని తన్ను అందనంత దూరానికి, తీసుకెళ్ళాడు. "చూడండి బావగారూ, ఎంత సాధువో! నోట్లో వేలు పెట్టినా కొరకదు."

"కాస్త చేయి వేసి చూపించండి."

"ఇప్పుడే వేశాను. మళ్ళీ మళ్ళీ వేస్తే దిష్టి."

ఆ సాధువు వెనక కాలు ఒకసారి నేలకేసి గీరింది. మీటరాయన ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

ఈలోగా పాక లోపలినించి ఆవిడ వచ్చింది. ఆవిడ చేతిలో పలుపు, పలుపు చివర లోపలి గుంజ పెయ్య. అది గొర్రెపిల్లలా ఆవిడ వెంట నడుస్తూ నేరుగా వ్యాను వైపు వెళుతోంది.

మీటరాయన చేతులు అడ్డం పెట్టాడు.

"ఆగాగు! దాన్నెందుకు విప్పావు?"

"అన్నయ్య తీసుకెళ్ళేది ఇదే కదండీ."

"అది కాదు! గేటు దగ్గరది!"

"గేటు దగ్గరది పెద్దది. అది మనింట్లోనే ఉంటుంది. చిన్నదాన్నే అన్నయ్యకి ఇస్తానన్నాను."

మీటరాయనకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక ఇంకా అయోమయంగా ఉంది. ఆవిడ పెద్దదాన్ని ఉంచుదామనుకుంది. తనూ పెద్దదాన్నే ఉంచుదామనుకున్నాడు. ఇద్దరిదీ ఒకే మాట. కానీ తను గుంజలు మార్చాడు కాబట్టి, ఇప్పుడు వ్యాను ఎక్కుతున్నది పెద్దది!

నోరు విప్పితే బావగారి ముందు పరువు పోతుంది. విప్పకపోతే పెద్దది పోతుంది. పెయ్య ముందు కాళ్ళు వ్యాను పలక మీద పెట్టింది. ఇంక ఆ చల్లటి వీపు, ఆ అరమూసిన కళ్ళు తనకి ఉండవనుకునేసరికి ఆయన ఇంక ఆగలేకపోయాడు. పరువుదేముంది, ఎలాగూ దాన్ని ఎవరూ పెద్దగా గమనించలేదు.

"బావగారూ, ఆపండి! నేను మీకు ద్రోహం చేశాను!" అని అరిచాడు.

బావగారు కనుబొమలు ఎగరేశాడు. కాస్త పిండి రాలింది.

"మీకు పెద్దదాన్ని ఇస్తుందనుకుని రెండింటికీ బొచ్చు తీసేశాను. గుంజలు తారుమారు చేశాను. తన్నేదాన్ని మీకు అంటగడదామనుకున్నాను. మీరు ఎక్కించుకుంటున్నది పెద్దది. చిన్నది ఇదిగో, గేటు దగ్గరుంది. నన్ను తిట్టండి, కొట్టండి, కానీ దాన్ని మాత్రం తీసుకెళ్ళకండి!"

ఆవిడ పలుపు వదలకుండా నిలబడి ఉంది.

"గుంజలు మార్చారా?" అంది.

"మార్చాను."

"నిన్న నేను వచ్చేసరికి దేని గుంజకి అదే ఉందండీ. పెద్దది గేటు దగ్గర, చిన్నది లోపల."

"కాదు. నేను చూసి కట్టాను. మూడు రీడింగులు తీశాను. తన్నేది చిన్నది."

"ఎవర్ని తన్నింది?"

"నన్నే."

"కాగిన బ్లేడు వీపు మీద పెట్టిన మనిషిని పెద్దది తన్నక ముద్దుపెట్టుకుంటుందా?" అంది ఆవిడ. "చిన్నది ఇన్నాళ్ళూ ఎందుకు తన్నేది? జడలు కట్టిన బొచ్చు మీద మీరు బ్రష్షు పెట్టి లాగితే ప్రాణం పోయేది దానికి. ఆ ముద్దలు పోయాయి, నొప్పి పోయింది. ఇంకెందుకు తన్నుతుంది?"

మీటరాయన వ్యాను పలక మీది పెయ్య వంక చూశాడు. అది బావగారి చేతిమీది పిండి నాకుతోంది. గేటు పక్క పెయ్య వంక చూశాడు. అది కాలు గీరుతోంది. రెండూ కలిసి ఆయన బుర్రలో గిర్రున తిరిగాయి.

"అయితే పెద్దది తన్నేదైంది. చిన్నది సాధువైంది. నేను తారుమారు చేద్దామనుకుని సరిగ్గా కట్టాను" అన్నాడు మెల్లిగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ.

"ఇప్పటికి అసలు లెక్కకొచ్చారు."

"నీకెలా తెలిసింది ఏది ఏదో?"

"మొహాలు చూశాను. రెండేళ్ళనించి మీరు వెనకవైపే నిలబడి తోమారు. వాటికి మొహాలున్నాయన్న సంగతి మీకు తెలీదు."

బావగారు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే పెయ్యని వ్యానులోకి ఎక్కించి తలుపు వేశాడు.

"అయినా తన్నేదాన్ని మీ వదినకెలా ఇద్దామనుకున్నావు? ఆవిడకి పశువులు కొత్త అన్నావుగా!" అని మీటరాయన ఆఖరి వాదన లాగాడు.

"నేనే అడిగాను బావగారూ" అన్నాడు బావగారు. "దాని పని నేనే చూసుకుంటాను. మీ మోకాళ్ళ గురించి ఫోనులో చెల్లాయి ఒకటే ఏడుపు. రోజూ కుంటుకుంటూ వస్తున్నారనీ, పైకి ఒక్క మాట అనరనీ. ఆ తన్నేదాన్ని నాకిచ్చెయ్యవే తల్లీ, నా కాళ్ళు ఉక్కు కాళ్ళు అన్నాను."

మీటరాయన భార్య వైపు తిరిగాడు. "నువ్వు ఏడ్చావా?"

"ఉల్లిపాయలు తరుగుతున్నాను అప్పుడు" అంది ఆవిడ మొహం తిప్పేసుకుని.

"నాకు ముందే చెప్పొచ్చుగా, చిన్నదాన్ని ఇస్తున్నానని!"

"అడిగితే చెప్పేదాన్ని. అడిగారా?"

పథకం వేయకుండా, యంత్రం కొనకుండా, దుప్పటికి కుచ్చులు పెట్టకుండా, గురువారం కాఫీ తాగుతూ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. తన కోసం ఆవిడ ముందే చేసిపెట్టిన పనిని తను దొంగతనంగా చేయబోయాడు. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సంతోషంతో కూడా కొంత ఎర్రబడ్డాయి గానీ, ఏది ఎంతో విడదీయలేకపోయాడు.

వ్యాను కదిలింది. చిన్నది వెనక కటకటాల్లోంచి తల పెట్టి బుద్ధిగా చూసింది. మీటరాయన చేయి ఊపాడు. ఊపుతూనే, ఇంతకీ వెళ్ళింది చిన్నదేనా అని ఇంకోసారి అనుమానం వచ్చింది. భార్యని అడగబోయి ఊరుకున్నాడు.

తర్వాత ఒక స్టూలు తెచ్చుకుని గేటు పక్క గుంజ దగ్గర, ఈసారి ముందువైపు, కూర్చున్నాడు. పెద్దదాని మొహం చూడటం మొదలుపెట్టాడు. నుదుటి మీద చిన్న సుడి ఉంది. ఎడమ కంటి కింద ఒక నల్ల మచ్చ ఉంది. రెండేళ్ళుగా ఇవన్నీ ఇక్కడే ఉన్నాయా అని ఆశ్చర్యపోయాడు. అది రెండు క్షణాలు ఆయన్ని చూసి, గుర్తుపట్టి, గిర్రున వెనక్కి తిరిగి నిలబడింది.

మీటరాయన స్టూలు ఎత్తుకుని అటు వెళ్ళాడు. అది ఇటు తిరిగింది. ఆయన ఇటు వచ్చాడు. అది అటు తిరిగింది, ఈసారి కాలు కూడా ఎత్తింది.

"ఇదిగో, దీనికి నా మీద కోపం ఎన్నాళ్ళుంటుందంటావ్?" అని కేక వేశాడు.

"బొచ్చు పెరిగేదాకా" అంది ఆవిడ వరండాలో దుప్పటి మడతపెడుతూ.

"అది పెరగడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"దానికి పెరిగే బొచ్చు ఎప్పుడుందండీ?"

మీటరాయన స్టూలు తీసుకుని, తన్ను అందనంత దూరానికి జరిపి, మళ్ళీ కూర్చున్నాడు.